బీడు పైపుకు పీవీసీ పైపు కలపాలంటే

పాత ఇళ్లలో బాత్రూమ్ డ్రైనేజీకి ఎక్కువగా బీడు (పోత ఇనుము) పైపులే ఉంటాయి. కింది ముక్క మార్చి పీవీసీ వేస్తే, ఆ అతుకు దగ్గర సిమెంటు మెత్తడం మామూలే. కొన్నాళ్లకి అది పగిలి గోడంతా చెమ్మ. పీవీసీ పైపులు అతికించే జిగురు, అంటే సాల్వెంట్ సిమెంటు కూడా పనికిరాదు, అది ఇనుముకి అంటదు.

రెండు వైపులా స్టీలు క్లిప్పులుండే రబ్బరు కప్లింగ్ వాడండి. 'నాలుగించుల పైపు' అని చెప్పి కొనకండి, సైజు తేడా వస్తుంది. బీడు పైపు చుట్టూ దారం చుట్టి కొలిచి, 3.14తో భాగించండి. 345 మి.మీ. వస్తే పైపు బయటి వ్యాసం సుమారు 110 మి.మీ. అన్నమాట. రెండు పైపుల బయటి కొలతలూ కాగితం మీద రాసుకుని షాపుకెళ్లండి.

బీడు పైపు కొసని హాక్సా బ్లేడుతో తిన్నగా కోసి, రెండు మూడు అంగుళాల మేర తుప్పు, పాత పెయింటు వైర్ బ్రష్‌తో గీకేయండి. విసుగు పనే, కానీ లీకు ఆగేది ఇక్కడే. కప్లింగ్ సగం దాని మీదకి తొడిగి, రెండో వైపు నుంచి పీవీసీ దూర్చండి. బిగుతుగా ఉంటే కాస్త సబ్బునీళ్లు రాయండి. క్లిప్పులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. పీవీసీ బరువు రబ్బరు మీద పడకుండా పక్కనే గోడకి ఒక క్లాంపు కొట్టండి. రెండు బకెట్లు గుమ్మరించి, అతుకు కింద పాత పేపరు పెట్టి చూడండి.

గీకుతుంటే బీడు పెచ్చులుగా రాలినా, సన్నగా చీలిక కనిపించినా అక్కడ తొడగొద్దు. గట్టి భాగం దొరికేదాకా వెనక్కి కోయాల్సిందే.