హోలీరూడ్‌లో మీ ప్రశ్న అడిగించడం ఎలా: స్కాట్లాండ్‌లో ఉన్న మనవాళ్ల కోసం

ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్‌లో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు చూస్తే ఫిర్యాదులకు కొదవ ఉండదు. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ దొరకదు, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) డెంటిస్టులు కొత్తవాళ్లను చేర్చుకోరు, జీతంలో ట్యాక్స్ మాంచెస్టర్‌లో ఉన్న ఫ్రెండ్ కంటే ఎక్కువ పోతోంది. ఇవి లండన్‌లో తేలే విషయాలు కావు, ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ ప్రభుత్వం చేతిలో ఉన్నవి. ఆ ప్రభుత్వాన్ని నిలదీయడానికి హోలీరూడ్‌లో, అంటే ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటులో, సభ్యులకు దాదాపు ప్రతి వారం అవకాశం ఉంటుంది. వాళ్ల చేత మన ప్రశ్న అడిగించుకోవడం అనుకున్నంత కష్టం కాదు, కాకపోతే పద్ధతి తెలియాలి.

ముందుగా ఏది ఎవరి కిందకు వస్తుందో చూసుకోండి. 1998 స్కాట్లాండ్ చట్టం ప్రకారం కొన్ని అధికారాలు వెస్ట్‌మిన్‌స్టర్, అంటే లండన్‌లోని యూకే పార్లమెంటు దగ్గరే ఉండిపోయాయి, మిగతావి ఇక్కడికి వచ్చాయి. వైద్యం, చదువులు, పోలీసు, ఇళ్లు, బస్సులు, రైళ్లలో చాలా భాగం ఇక్కడివే. వీసా, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి), పాస్‌పోర్టు, రక్షణ, విదేశాంగం అక్కడివి, వాటి గురించి రాయాల్సింది మీ ఎంపీకి. చెత్త బుట్టలు, స్కూల్లో సీటు అయితే కౌన్సిలర్‌కి. ఈ తేడా తెలియకుండా పంపితే "ఇది వెస్ట్‌మిన్‌స్టర్ పరిధిలోది" అనో, "ఇది స్థానిక కౌన్సిల్ చూసుకోవాల్సింది" అనో ఒక్క వాక్యంలో జవాబొస్తుంది, మీ నెల రోజులు వృథా. ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం కొంచెం తికమక పెడుతుంది. వసూలు చేసేది లండన్ శాఖే అయినా, జీతం మీద రేట్లు, స్లాబులు నిర్ణయించేది హోలీరూడ్. మీ పే స్లిప్పులో ట్యాక్స్ కోడ్ ముందు ఎస్ అనే అక్షరం ఉంటే మీరు స్కాట్లాండ్ రేట్ల కింద ఉన్నట్టే. 2025-26లో ఇక్కడ 43,662 పౌండ్లు దాటిన జీతం మీద 42 శాతం పడుతుంది, అదే ఇంగ్లాండ్‌లో 50,270 దాటాకే 40 శాతం. అంత తేడాతో కడుతున్నప్పుడు ఆ డబ్బు ఎటు పోతోందని అడిగే హక్కు మనకు పూర్తిగా ఉంది.

ఓటు హక్కు కూడా ఉంది, ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారత పౌరులు కామన్వెల్త్ కింద ఇక్కడ ఓటు వేయొచ్చు, స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు కూడా. స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటు. పేరు నమోదు చేసుకుంటే చాలు. ఓటు లేకపోయినా మీ సభ్యుడికి రాయొచ్చు, కానీ ఓటరు జాబితాలో ఉన్నవాడి ఉత్తరానికి ఉండే బరువు వేరు.

ఇక ఎవరికి రాయాలి? సభలో మొత్తం 129 మంది ఎంఎస్‌పీలు, అంటే స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యులు. వాళ్లలో 73 మంది నియోజకవర్గాల నుంచి, 56 మంది ఎనిమిది ప్రాంతాల నుంచి, ప్రాంతానికి ఏడుగురు చొప్పున. కాబట్టి మీకు ఒక్కరు కాదు, ఎనిమిది మంది ఉన్నారు. పార్లమెంటు వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే అందరి పేర్లూ వస్తాయి. ఎనిమిది మందికీ ఒకే ఈమెయిల్ కొట్టకండి, ఎవరో ఒకరు చూస్తారులే అని ఎవరూ చూడరు. నా అభిప్రాయం ఏమిటంటే, మీ సొంత పని ఏదైనా ఇరుక్కుపోతే, ఉదాహరణకు ఆసుపత్రి ఉత్తరం రాకపోతే, నియోజకవర్గ సభ్యుడి దగ్గరకు వెళ్లండి. ఖర్చు గురించి, విధానం గురించి గట్టిగా అడగాలంటే ప్రతిపక్షంలో ఆ శాఖ చూసే ప్రాంతీయ సభ్యుణ్ణి వెతకండి, వాళ్లకు ప్రశ్నలు కావాలి, మీ దగ్గర ప్రశ్న ఉంది. ఈమెయిల్లో మీ పూర్తి అడ్రసు, పోస్ట్‌కోడ్ తప్పకుండా పెట్టండి. మీరు తమ పరిధిలో ఉంటున్నారో లేదో ఆఫీసువాళ్లు మొదట చూసేది అదే.

గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ఫస్ట్ మినిస్టర్‌ను, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేతను, అడిగే కార్యక్రమం సుమారు 45 నిమిషాలు జరుగుతుంది. టీవీలో వచ్చేది అదే, మన అసెంబ్లీ ప్రశ్నోత్తరాల సమయంలాగే అరుపులు, చప్పట్లు అన్నీ ఉంటాయి. గ్యాలరీ టికెట్ ఉచితం, ముందుగా బుక్ చేసుకుని ఒకసారి చూడండి. కానీ అంకెలు కావాలంటే అక్కడ ఆశ పెట్టుకోకండి. అడిగినదొకటైతే చెప్పేది ఇంకొకటి, సభను నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్ కూడా జవాబుల్లో ఏముండాలో చెప్పడం తన పని కాదనే అంటారు. దానికి ముందు 11:40కి సాధారణ ప్రశ్నలు ఉంటాయి, వేరే సమయాల్లో ఒక్కో శాఖ మంత్రిని విడిగా అడిగే వంతు, మంగళవారం అప్పటికప్పుడు వచ్చిన విషయాల మీద ప్రశ్నలు. శాఖల ప్రశ్నలకు, సాధారణ ప్రశ్నలకు పేర్లు లాటరీలో తీస్తారు కాబట్టి మీ సభ్యుడి పేరు వస్తుందో రాదో చెప్పలేం.

నిజంగా పనిచేసేది రాతపూర్వక ప్రశ్న. మన శాసనసభలో నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలు ఉంటాయి కదా, అలాంటిదే, కాకపోతే ఇక్కడ సభ్యుడు ఎప్పుడైనా వేయొచ్చు. మామూలుగా 10 పనిదినాల్లో జవాబు రావాలి, సభకు సెలవులుంటే 20. ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు పడుతుంది, ప్రశ్నా జవాబూ రెండూ వెబ్‌సైట్లో శాశ్వతంగా ఉంటాయి, ఎవరైనా వెతికి చూడొచ్చు. రెండేళ్ల తర్వాత ఒక విలేకరి దాన్నే పట్టుకుని వార్త రాయొచ్చు. అందుకే మంత్రుల ఆఫీసులు రాతలో ప్రతి మాటా తూచి రాస్తాయి.

ప్రశ్న రాయడంలోనే అసలు పనంతా ఉంది. నిబంధనల ప్రకారం ప్రశ్న క్లుప్తంగా, స్పష్టంగా ఉండాలి, అందులో అభిప్రాయం ఉండకూడదు. "డెంటిస్టుల పరిస్థితి ఇంత ఘోరంగా ఎందుకు తయారైంది?" అని పంపితే అది ప్రశ్న కాదు, ఆవేశం. సభ్యుడు దాన్ని వేయలేడు, మార్చి వేసినా "మేం సేవలు మెరుగుపరచడానికి కట్టుబడి ఉన్నాం" అనే జవాబే వస్తుంది. దాన్నే ఇలా రాసి చూడండి. 2023 నవంబరులో ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టులకు ఇచ్చే చెల్లింపుల పద్ధతి మార్చారు. ఆ మార్పు తర్వాత ప్రతి ఏడాదీ మార్చి 31 నాటికి గ్రాంపియన్ హెల్త్ బోర్డు (అబర్డీన్ వైపు ఎన్‌హెచ్‌ఎస్ నడిపే సంస్థ) పరిధిలో పెద్దవాళ్లను ఎన్‌హెచ్‌ఎస్ కింద కొత్తగా చేర్చుకుంటున్న క్లినిక్‌లు ఎన్ని? ఇది ఒక ప్రశ్న. అదే కాలంలో దంత వైద్యానికి ఏడాదికేడాది ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, హెల్త్ బోర్డుల వారీగా చెప్పండి. ఇది రెండోది. రెండూ కలిపి ఒకే ప్రశ్నలో కుక్కకండి, సులువైన సగానికి జవాబిచ్చి మిగతాది వదిలేస్తారు.

గమనించండి, అందులో తేదీ ఉంది, ప్రాంతం ఉంది, లెక్కపెట్టగలిగే వస్తువు ఉంది. తప్పించుకోవడానికి సందు తక్కువ. "ఈ విషయమై మంత్రి ఎవరెవరితో చర్చలు జరిపారు?" అనే తరహా ప్రశ్న చాలామందికి ఇష్టం, నాకు మాత్రం అది దండగ అనిపిస్తుంది. "మంత్రులు సంబంధితులతో తరచూ మాట్లాడుతూనే ఉంటారు" అని వస్తుంది, అంతే. అలాగే పంపే ముందు ఒకసారి గూగుల్ చేయండి. ఆసుపత్రి వెయిటింగ్ లెక్కల్లో చాలావరకు పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ ఎప్పటికప్పుడు బయటపెడుతుంది. అవి అడిగితే జవాబుగా ఒక లింకు పంపి ఊరుకుంటారు, మీ సభ్యుడి ఆఫీసుకు మీ మీద నమ్మకం పోతుంది.

జవాబు వచ్చాక దాన్ని ఎలా చదవాలో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే వదిలేస్తారు. "ఈ సమాచారం కేంద్రీకృతంగా లేదు" అని వస్తే ప్రభుత్వం దగ్గర లేదని అర్థం, హెల్త్ బోర్డు దగ్గర లేదని కాదు. అప్పుడు స్కాట్లాండ్ సమాచార స్వేచ్ఛ చట్టం కింద నేరుగా ఆ బోర్డుకే రాయండి. అది మన ఆర్టీఐ లాంటిదే, గడువు 20 పనిదినాలు, ఫీజుతో మొదలుపెట్టక్కర్లేదు, మామూలు ఈమెయిల్ చాలు. గడువు దాటినా, పూర్తిగా ఇవ్వకపోయినా ముందు అదే సంస్థను సమీక్ష అడగాలి, ఆ తర్వాతే ఇన్ఫర్మేషన్ కమిషనర్. "త్వరలో జవాబిస్తాం" అనే తాత్కాలిక జవాబు వస్తే తేదీ రాసిపెట్టుకుని సభ్యుడికి గుర్తు చేయండి. మీరు అడిగింది ఖర్చు గురించి, వాళ్లు చెప్పింది కేటాయింపు గురించి అయితే, మొదటి ప్రశ్న నంబరు పేర్కొంటూ రెండో ప్రశ్న వేయించండి. రెండోసారి అడిగినప్పుడు జవాబు దాదాపు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది.

ఇక పెద్ద డబ్బు సంగతి. స్కాట్లాండ్ ప్రభుత్వ బడ్జెట్ ఏడాదికి 6,000 కోట్ల పౌండ్ల పైమాటే. అందులో పెద్ద వాటా బార్నెట్ ఫార్ములా (ఇంగ్లాండ్‌లో ఖర్చు మారినదాన్ని బట్టి స్కాట్లాండ్ వాటా లెక్కగట్టే పద్ధతి) ప్రకారం లండన్ నుంచి వస్తుంది, మిగతాది ఇక్కడి పన్నులు. బడ్జెట్ పుస్తకం వచ్చిన రోజు అందరూ హెడ్‌లైన్లు చూస్తారు. మీరు మాత్రం ఏడాది మధ్యలో శరదృతువులో, వసంతంలో వచ్చే బడ్జెట్ సవరణలు చూడండి, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు డబ్బు నిశ్శబ్దంగా కదిలేది అక్కడే. బడ్జెట్‌కు ముందు కమిటీలు ప్రజల అభిప్రాయాలు పిలుస్తాయి, ఎవరైనా రాయొచ్చు. మీరు రాసిన పేరా ఒక సభ్యుడికి నచ్చితే అదే ప్రశ్నగా మంత్రి ముందుకు వెళ్తుంది.

సభలో దొరకనిది కమిటీలో దొరుకుతుందనడానికి ఫెర్రీల వ్యవహారమే పెద్ద సాక్ష్యం. పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ యార్డుకు రెండు ఓడలు కట్టే పని 2015లో 9.7 కోట్ల పౌండ్లకు ఇచ్చారు. 2018లో రావాల్సిన మొదటి ఓడ గ్లెన్ సానక్స్ ప్రయాణికులను ఎక్కించుకుంది 2025 జనవరిలో, ఖర్చు ఎన్నో రెట్లు పెరిగాక. 2017లో ఫస్ట్ మినిస్టర్ చేతుల మీదుగా ఆ ఓడను నీళ్లలోకి దింపినప్పుడు దాని కిటికీలు కొన్ని నిజమైనవి కావు, రంగుతో వేసినవి. సభలో ఏళ్లతరబడి అడిగినా అసలు విషయం బయటికి రాలేదు. 2022 మార్చిలో ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే ఆడిటర్ జనరల్ నివేదిక వచ్చింది. యార్డు నుంచి పూర్తి గ్యారంటీ లేకుండానే మంత్రులు ఆ రిస్కు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే కాగితాలు సరిగా లేవని అందులో రాశారు. ఆ తర్వాత పబ్లిక్ ఆడిట్ కమిటీ, మన పీఏసీ లాంటిదే, అధికారులను, మంత్రులను పిలిచి నెలలతరబడి అడిగింది. మీ దగ్గర అలాంటి ఖర్చు వ్యవహారం ఏదైనా ఉంటే ఆధారాలతో ఆ కమిటీకే రాయండి, అలాగే ఆడిటర్ జనరల్ కోసం తనిఖీలు చేసే ఆడిట్ స్కాట్లాండ్‌కు ఒక కాపీ పంపండి.

ఎంఎస్‌పీ ఎవరూ పట్టించుకోకపోతే పిటిషన్ ఉంది. ఒక్క సంతకం చాలు, వేలల్లో అక్కర్లేదు. విషయం ఇక్కడి పరిధిలోనిదై, నిబంధనలకు లోబడి ఉంటే పిటిషన్ల కమిటీ దాన్ని పరిశీలించి ప్రభుత్వాన్ని వివరణ అడుగుతుంది. జులై, ఆగస్టుల్లో సభ ఉండదు కాబట్టి ప్రశ్న అయినా పిటిషన్ అయినా జూన్ మొదట్లోనే పంపేయండి, లేదా సెప్టెంబరులో సభ తెరుచుకున్న మొదటి వారానికి ఈమెయిల్ రెడీగా పెట్టుకోండి.