షుగర్ కాలి పుండుకు మందులు పనిచేయకపోతే ఏం చేయాలి?

దేవరకొండ దగ్గర మా మేనమామకు పత్తి చేనులో మోడు గుచ్చుకుంది. పదిహేనేళ్ల షుగర్, అరికాళ్లకు స్పర్శ లేదు. గడప మీద రక్తపు మరక చూసి అత్తమ్మ అరిస్తేనే కాలెత్తి చూసుకున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు మూడు రోజులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి నాలుగు రోజులు, నొప్పి లేదని మధ్యలో బంద్. నెల తిరిగేసరికి రెండు వేళ్లు తీసేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో చూడాలి. వాపు, ఎరుపు, వేడి, నొప్పి, చీము: వీటిలో రెండు కనిపిస్తే ఉన్నట్టే. నల్లని చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు. అరచేతి వెనక వైపు ఆనించి, వేడిగా ఉందేమో రెండో కాలితో పోల్చి చూడండి. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీయండి. అది పుండు నుంచి 2 సెంటీమీటర్లు దాటినా, చర్మం నల్లబడినా, జ్వరం వచ్చినా అదే రోజు నల్గొండో మహబూబ్‌నగరో పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. ఇన్‌ఫెక్షన్ లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. కట్టు, షుగర్ అదుపు, ఆ కాలి మీద బరువు పడకుండా చూసుకోవడం కావాలి. పసుపు, ఆకు పసరు పెట్టొద్దు, వేడినీళ్లలో నానబెట్టొద్దు.

ఇక అసలు సంగతి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే "కల్చర్ పరీక్షకు పంపుదామా సార్?" అని మీరే అడగండి. పుండులో ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏ మందుకు లొంగుతుంది అని తేల్చే పరీక్ష ఇది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఆ ల్యాబ్ ఉంటుంది. పుండు కడిగి, చచ్చిన కండ తీసేశాక లోపలి నుంచి చిన్న ముక్క తీయాలి. పైపైన దూది పుల్ల రాస్తే చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియా కూడా వచ్చి రిపోర్టు తికమక అవుతుంది. ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. పరిస్థితి సీరియస్‌గా ఉంటే డాక్టర్ శాంపిల్ తీసి వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు చూసి మారుస్తారు.

రిపోర్టులో మందు పేరు ఎదుట 'ఎస్' ఉంటే ఆ బ్యాక్టీరియా దానికి లొంగుతుంది, 'ఆర్' ఉంటే లొంగదు. మామ రిపోర్టులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పేరు ఉంది. అప్పటిదాకా ఆయన మింగిన రెండు మందుల ఎదుటా 'ఆర్'.

పాదానికి రక్తం సరిగా అందుతోందా, ఎముక దాకా పాకిందా అని కూడా అడగండి. రక్తం అందని చోటికి మందూ అందదు. కండ వరకే అయితే ఒకటి రెండు వారాల కోర్సు, ఎముకకు పాకితే ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

వాడిన మాత్రల ఖాళీ షీట్లు, పాత రిపోర్టులు ఒక కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి. మామ దగ్గర ఒక్క షీటు కూడా మిగల్లేదు. ఏం మింగాడో డాక్టర్‌కు చెప్పడానికి మేము ఊళ్లో ఇద్దరికి ఫోన్ చేయాల్సి వచ్చింది.