కుక్కర్ ఆవిరి దిగేలోపు: రోజులో కాస్త విశ్రాంతి దొరికించుకోవడం ఎలా?

పొద్దున ఐదున్నరకు లేచింది మొదలు రాత్రి గిన్నెలు సర్దేదాకా నడుం వాల్చే తీరికే లేదంటాం. నేనూ ఏళ్ళ తరబడి అదే మాట అన్నాను. ఒకరోజు స్టవ్ దగ్గర నిలబడి ఫోన్ చూస్తుంటే కళ్ళెదుటే పాలు పొంగిపోయాయి. గట్టు తుడుస్తున్నప్పుడు ఒక సంగతి తట్టింది. పాలు కాగేదాకా నిలబడడం తప్ప నాకు వేరే పనేమీ లేదు, అయినా ఆ కాసేపూ విశ్రాంతిగా లేను. ఇలాంటి ఖాళీలు రోజులో ఇంకెన్ని పోతున్నాయో చూద్దామనిపించింది. అలా చూసుకుంటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

1. ఒకరోజు ఖాళీలు లెక్కపెట్టండి

ఆ రోజు ఏమీ మార్చొద్దు, ఊరికే గమనించండి. బకెట్ నిండేదాకా, బస్సు వచ్చేదాకా, డికాక్షన్ దిగేదాకా, స్కూల్ గేటు తెరిచేదాకా ఎంతసేపు ఆగుతున్నారో రాత్రికి ఒక కాగితం మీద రాసుకోండి. నా కాగితం మీద ఏడు తేలాయి. ఏడింటిలోనూ చేతిలో ఫోన్ ఉంది.

2. వాటిలో ఒక్కటే ఎంచుకోండి

అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే అదో కొత్త టెన్షన్. నేను కుక్కర్‌ని ఎంచుకున్నాను. పప్పుకి మూడో నాలుగో విజిల్స్ వచ్చాక స్టవ్ కట్టేస్తాం. ఆవిరి దానంతటది దిగడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా మూత తీయలేం, తీయకూడదు కూడా. ఇదివరకు నేను తొందరపడి గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేసేదాన్ని. ఇప్పుడు దాని జోలికి పోను. లోపలి వేడికే పప్పు ఇంకాస్త మెత్తబడుతుంది, ఆ పది నిమిషాలూ నాకు మిగులుతాయి.

ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టేస్తాను. పీట వాల్చుకుని, గోడకు ఆనుకుని, కాళ్ళు బారచాపి కూర్చుంటాను. కుక్కర్ సుయ్‌మంటూ ఉంటుంది. ఆ చప్పుడు సన్నబడి సన్నబడి ఎక్కడో ఆగిపోతుంది. అది ఆగిన క్షణం పట్టుకోవాలని వింటూ ఉంటాను, చాలాసార్లు దొరకదు. మొదటి నాలుగు రోజులు చేయి ఫోన్ కోసం తడుముకుంది. ‘ఈలోగా బట్టలు నానబెట్టొచ్చుగా’ అని మనసు తరిమింది. అలా అనిపించినా లేవకండి. వారం గడిచేసరికి ఆ తొందర చాలావరకు తగ్గింది.

3. ఊపిరి మెల్లగా వదలండి

కూర్చున్నా మనసు కుదురుగా లేకపోతే ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఇది రెడ్ సిగ్నల్ దగ్గరా చేయొచ్చు, కళ్ళు మాత్రం మూయకండి.

4. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు కళ్ళకు సెలవివ్వండి

ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. కిటికీలోంచి చెట్టు కనిపిస్తే అంతకంటే ఏం కావాలి. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్ళు మండడానికి అదొక కారణం. అందుకని ఆ 20 సెకన్లూ రెప్పలు నిండుగా ఆర్పండి.

5. వీలైతే ఒక కునుకు

మధ్యాహ్నం భోజనమయ్యాక 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. అంతకు మించితే గాఢనిద్రలోకి జారుకుంటాం, మధ్యలో లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది.

ఇక్కడే ఒక మాట. రాత్రి బాగా నిద్రపోయినా, పగలు కాసేపు ఆగినా నీరసం వదలకపోతే దాన్ని పని అలసట అని సరిపెట్టుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. డాక్టర్ దగ్గరకు వెళ్ళి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. రక్తం తక్కువై వచ్చిన నీరసం పీట మీద కూర్చుంటే పోదు.

6. ఇంట్లో చెప్పండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. మన ఇళ్ళలో ఆడమనిషి ఊరికే కూర్చుంటే ‘ఒంట్లో బాగాలేదా?’ అని అడుగుతారు. గేటు చప్పుడైతే చాలు, మా అమ్మ కూర్చున్నది కాస్తా లేచి చేట అందుకునేది. ఎవరూ ఏమీ అనకపోయినా అంతే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

అందుకే దొంగచాటుగా కూర్చోకండి. ‘కుక్కర్ మూత తీసేదాకా నన్ను పిలవొద్దు’ అని పిల్లలకు, భర్తకు, పెద్దవాళ్ళకు నోరు విప్పి చెప్పండి. వాళ్ళు మర్చిపోయి పిలుస్తారు, విసుక్కోకుండా మళ్ళీ చెప్పండి. మా అత్తయ్య మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి వింతగా చూసేవారు. ఒకరోజు ఏమీ అనకుండా ప్లాస్టిక్ కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నారు. ఇప్పుడు విజిల్స్ ఆవిడే లెక్కపెడతారు. స్టవ్ కట్టేశాక చప్పుడు ఆగేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోం.