కడపలో ఫింగర్‌బోర్డ్ స్పాట్లు వెతుక్కోవడం ఎలా

ఫింగర్‌బోర్డ్, అంటే రెండు వేళ్లతో ఆడించే చిట్టి స్కేట్‌బోర్డు, కొన్నాక చాలామంది ఇంట్లో టేబుల్ మీదే ఓలీ (బోర్డును ఎగిరించడం) నేర్చుకుంటారు, కిక్‌ఫ్లిప్ (గాల్లో బోర్డును గిర్రున తిప్పడం) కోసం వారాల తరబడి తంటాలు పడతారు, చివరికి ఆ టేబుల్ విసుగొచ్చి బోర్డును డ్రాయర్‌లో పడేస్తారు. అలా పడేయకండి. కడపలో ఉండి ఆ పని చేస్తే మరీ అన్యాయం, ఎందుకంటే వేరే ఊళ్లవాళ్లు లారీల్లో తెప్పించుకుని వంటింటి గట్లకీ అరలకీ వేసుకునే నల్లటి కడప బండ మన దగ్గర వీధి వీధికీ మెట్టుగానో అరుగుగానో ఉంది. బోర్డు దొర్లడానికి అంతకంటే మంచి నేల నేనైతే చూడలేదు.

ముందు సైజు కంటికి అలవాటు కావాలి. మామూలు స్కేట్‌బోర్డు దగ్గర దగ్గర 80 సెంటీమీటర్లు ఉంటుంది, టెక్ డెక్ అనే బ్రాండు ఫింగర్‌బోర్డు 96 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఎనిమిదో వంతు. వీడియోల్లో స్కేటర్లు ఎగిరి ఎక్కే 15 సెంటీమీటర్ల ఫుట్‌పాత్ అంచు మన లెక్కలో 2 సెంటీమీటర్లు, మోకాలెత్తు గట్టు 5, 6 సెంటీమీటర్లు. మామూలు ఇంటి మెట్టు మన బోర్డుకి ఛాతీ ఎత్తు గోడ లాంటిది. అందుకే సర్కిళ్లూ పెద్ద బిల్డింగులూ చూసుకుంటూ తిరిగితే ఏమీ దొరకదు, చూపు మోకాలి కింద ఉండాలి. షట్టర్ కింది గట్టు, కిటికీ కింద వేసిన బండ, బైకు ఎక్కించుకోవడానికి పోసిన సిమెంటు వాలు, ఒక బండ కాస్త కుంగి పక్కది పైకి నిలిచిన చోటు, ఇవన్నీ స్పాట్లే, అంటే ఆడటానికి పనికొచ్చే చోట్లే. అన్నిటికంటే బాగుండేది మెట్టు అంచు. మెట్టు మీద పరిచిన బండను ఒక అంగుళం ముందుకు పొడుచుకొచ్చేలా వేస్తారు కదా, ఆ అంచు మీద గ్రైండ్‌కి (అంచు మీద రాసుకుంటూ జారడానికి) ట్రక్కులు, అంటే చక్రాలు బిగించే ఇరుసులు, చక్కగా కూర్చుంటాయి.

స్పాట్ కనిపించగానే బోర్డు తీయకండి, ముందు అరచేత్తో బండను ఒకసారి తుడిచి చూడండి. పాలిష్ పట్టిన బండా, గరుకు బండా అన్నది చెయ్యే చెబుతుంది. గరగరమంటే అది మన ఎర్రమట్టి దుమ్ము, చిన్న పెయింటింగ్ బ్రష్‌తో ఊడ్చేస్తే సరిపోతుంది, ఊడ్చకుండా ఆడితే మాత్రం ఆ దుమ్మంతా బేరింగుల్లోకి పోతుంది. తర్వాత అతుకులు చూడండి. మన చక్రం అడ్డం 7, 8 మిల్లీమీటర్లకు మించదు కాబట్టి రెండు బండల మధ్య 3 మిల్లీమీటర్ల సందున్నా చక్రం అందులో దిగి బోర్డు టక్కున ఆగిపోతుంది, వేళ్లు మాత్రం ముందుకు పోతాయి. పాత ఇళ్ల అరుగుల మీద మనిషి పొడవు ఒకే బండ పరిచి ఉంటుంది చూశారా, అలాంటిది దొరికితే వదలకండి. చివరగా బోర్డును బండ మీద పెట్టి చెయ్యి తీసేయండి. దానంతట అదే కదిలితే మేస్త్రీ నీళ్లు పోవడానికి వాటం ఇచ్చాడని అర్థం. వాటం పైనుంచి కిందికి లైన్ పట్టుకుంటే చెయ్యి ఊపకుండానే స్పీడ్ వస్తుంది, మాన్యువల్స్ (రెండు చక్రాల మీదే బోర్డును నడపడం) నేర్చుకునేవాళ్లకి ఇది చాలా సాయం.

గ్రానైట్ కూడా బాగుంటుంది కానీ మరీ నున్నగా ఉంటే ప్లాస్టిక్ చక్రాలు పక్కకి జారిపోతాయి, బేరింగులున్న యురేథేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) చక్రాలైతే పట్టు ఉంటుంది. మొజాయిక్ నేల పర్వాలేదు. పార్కింగ్ టైల్స్ అసలు వద్దు, చక్రాలు పాడవుతాయి.

ఇక ఎక్కడ తిరగాలంటే, వై.వి. స్ట్రీట్, దాని చుట్టుపక్కల పాత వీధులతో మొదలుపెట్టండి. అంగళ్లు తెరవకముందే వెళ్లాలి, తెరిచాక ఆ మెట్ల మీద నిలబడటానికే చోటుండదు. కోటిరెడ్డి సర్కిల్ వైపు కాంప్లెక్సుల్లో గ్రానైట్ మెట్లు చూడొచ్చు, వాచ్‌మన్‌ని అడిగాకే. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆడటం కుదరదు, అక్కడినుంచి సందుల్లోకి తిరగండి. బుగ్గవంక గోడ కాంక్రీటు, చక్రాలకి గరుకే గానీ వీడియోకి వెనకాల బాగుంటుంది. దేవుని కడప గుళ్లోనూ పెద్ద దర్గాలోనూ ఎంత నున్నటి రాయి కనిపించినా బోర్డు జేబులోంచి తీయొద్దు. ఇళ్ల గడపలు కూడా అంతే, పసుపూ కుంకుమా పెట్టిన గడప మీద చక్రాలు తిప్పడం ఎవరికీ నచ్చదు, ముగ్గు వేసిన వాకిలిని చుట్టూ తిరిగి దాటండి.

అడగడానికి మొహమాటపడకండి. "అన్నా, ఒక ఐదు నిమిషాలు ఈ మెట్టు మీద ఆడుకుని పోతా" అంటే మన ఊళ్లో కాదనేవాళ్లు తక్కువ. "ఏందబ్బీ అది?" అని వాళ్లే దగ్గరికొస్తారు, అప్పుడు బోర్డు వాళ్ల చేతికిచ్చి ఒకసారి తిప్పనివ్వండి. అరుగు మీద పెద్దాయన కూర్చుని ఉంటే ఆయన్ని లేపి మాత్రం ఆడొద్దు, ఇంకో అరుగు చూసుకోండి.

ఎండ సంగతి కడపవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కానీ నల్లబండ ఎండను ఎంత పీలుస్తుందో వేలికొసలు ఆనిస్తేనే తెలుస్తుంది. వేసవిలో పొద్దున ఎనిమిది లోపు ముగించుకోవాలి. సాయంత్రం నీడ వచ్చినా బండ చల్లారడానికి ఇంకో గంట పైనే పడుతుంది. తూర్పు ముఖం ఇళ్ల అరుగులకి సాయంత్రం నీడ, పడమర ముఖం ఇళ్ల అరుగులకి పొద్దున నీడ, ఈ ఒక్క లెక్క పెట్టుకుని వీధులు ఎంచుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది. స్పాట్ దొరికితే ఫోటో తీసి కిందనే ఏ పూట నీడ ఉంటుందో రాసి పెట్టుకోండి. వాన పడ్డాక బండ పూర్తిగా ఆరేదాకా ఆగాలి, చెక్క డెక్ (బోర్డు పలక) తడిస్తే వంకర పోతుంది.

సంచిలో బ్రష్, గుడ్డ, ట్రక్కులు బిగించే చిన్న స్క్రూడ్రైవర్, నీళ్ల సీసా చాలు. గ్రైండ్ సాఫీగా పోవడానికి అంచుకి కొవ్వొత్తి రుద్దుతారు, అది సొంత బండకే రుద్దండి, నల్లరాయి మీద మైనం తెల్లగా మరక కనిపిస్తుంది, ఇల్లుగలవాళ్లు ఇంకోసారి రానివ్వరు.

సొంత బండ ఎక్కడిదంటారా, బండల అంగడికి వెళ్లి కట్ పీసులు అడగండి. రెండడుగుల పొడవు, జానెడు వెడల్పు ఉన్నది, ఒకవైపు పాలిష్, ఒక అంచు మిషన్ కోత ఉన్నది ఏరుకోండి, అంచు మరీ పదునుగా ఉంటే అక్కడే కొంచెం అరగదీసి ఇమ్మనండి. కింద రెండు ఇటుకలు పడుకోబెట్టి దాని మీద పెడితే పది సెంటీమీటర్ల లెడ్జ్ (గట్టు), అది ఎత్తనిపిస్తే ఇటుకలు తీసేసి రెండు పుస్తకాలు పెట్టుకోండి.