మంచు కొండ మీద కొలువు – 3వ పాఠం: చలితో కాదు, తడితో పేచీ

ఆస్ట్రేలియాలో మంచు మీద జారే స్కీయింగ్ రిసార్టుల్లో ఒక సీజన్ పని చేయడానికి సిద్ధం కావడమే ఈ పాఠాల సంగతి. ముందు రెండు పాఠాలూ చేసినవాళ్ళ దగ్గర ఇప్పటికి రెండు కాగితాలు తయారై ఉండాలి. మొదటిది వీసా లెక్క. ఆస్ట్రేలియా 462 వర్క్ అండ్ హాలిడే వీసాకి వయసు 18 నుంచి 30, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ పైచదువు, ఖాతాలో సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, టికెట్ ఖర్చు దీనికి అదనం. మన దేశానికి ఏడాదికి 1,000 వీసాలే కాబట్టి ముందు బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు రావాలి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు మించి చేయకూడదన్న షరతు మనకి అడ్డు రాదు, సీజనే నాలుగు నెలలు. రెండో కాగితం దరఖాస్తుల క్యాలెండర్. సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టి ఉగాది లోపు పంపేయాలని పోయినసారి చెప్పాను. ఇంకా పంపనివాళ్ళు ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

ఈసారి పాఠం ఒంటి గురించి. మనకి బడులు తెరిచే వేళకి అక్కడ జనాన్ని కొండెక్కించే లిఫ్టులు తెరుస్తారు. జూన్ రెండో సోమవారం కలిసొచ్చే లాంగ్ వీకెండ్‌తో సీజన్ మొదలై అక్టోబర్ మొదటి వారంతో అయిపోతుంది. మనం మాట్లాడుకుంటున్న చోటు న్యూ సౌత్ వేల్స్‌లోని స్నోయీ పర్వతాలు. థ్రెడ్‌బో, పెరిషర్ అనే పెద్ద రిసార్టులు రెండూ ఇక్కడే ఉన్నాయి. కింద చెరువు ఒడ్డున జిండబైన్ అనే ఊరు. పనివాళ్ళు చాలామంది ఈ ఊళ్ళో ఉండి రోజూ కొండెక్కుతారు. థ్రెడ్‌బో ఊరు 1,365 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడి లిఫ్ట్ ఎక్కించే చిట్టచివరి చోటు 2,037 మీటర్లు. అంటే ఊళ్ళో వాన పడుతున్నప్పుడు పైన మంచు పడుతూ ఉండొచ్చు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి, పాఠమంతా దీని చుట్టూనే.

నేను లిఫ్టీగా చేశాను. తీగకి వేలాడే కుర్చీల్లో కొండ మీదికి తీసుకెళ్ళే చెయిర్‌లిఫ్ట్ దగ్గర నిలబడి జనాన్ని ఎక్కించి దించేవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు. బయల్దేరేటప్పుడు అమ్మ ఆరు కాటన్ బనియన్లు, రెండు ఉన్ని స్వెట్టర్లు, ఒక మంకీ క్యాప్, కొబ్బరి నూనె సీసా సర్దింది. “చలి ప్రదేశం నాన్నా, రెండేసి బనియన్లు వేసుకో” అని మరీ మరీ చెప్పింది. మొదటి రోజు అమ్మ మాట విన్నాను. పొద్దున్న ఏడున్నరకి పార ఇచ్చి, జనం దిగే వాలు మీద రాత్రి పడిన మంచు తీయమన్నారు. తడి మంచు బాగా బరువు. అరగంటలో ఒళ్ళంతా చెమట. ‘ఇదేం చలి, మా ఆదిలాబాదే నయం’ అనుకున్నాను కూడా. తర్వాత పార పక్కన పెట్టి లిఫ్ట్ దగ్గర నిలబడ్డాను. గాలి మొదలైంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి వీపు మీద ఎవరో తడి తువ్వాలు పరిచినట్టయింది, దవడ నా మాట వినడం మానేసింది. పక్కన పనిచేసే పెద్దాయన వచ్చి నా కాలర్‌లో వేలు పెట్టి చూసి, “కాటనా?” అన్నాడు. తలూపాను. గదిలోకి పంపి రెండు బనియన్లూ విప్పించాడు. ఉన్ని స్వెట్టర్ నేరుగా ఒంటి మీద వేసుకుంటే దురద పెట్టింది గానీ వణుకు మాత్రం పది నిమిషాల్లో తగ్గింది. ఒక బట్ట తీసేస్తే చలి తగ్గడం అదే మొదటిసారి చూశాను.

కారణం ఇది. నీరు మన ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బట్ట చెమటని పీల్చుకుని వదలదు. మనకి ఎండాకాలంలో అది వరం, ఒళ్ళు చల్లబడుతుంది. అక్కడా అదే పని చేస్తుంది, చల్లబరుస్తుంది. పొడి చలి అయితే ఎంతోకొంత ఓర్చుకోవచ్చు. లంబసింగిలో తెల్లవారుజామున మంట చుట్టూ నిలబడినవాళ్ళకి సున్నా డిగ్రీలంటే ఏమిటో తెలుసు. స్నోయీ పర్వతాల చలి దానికి మరీ దూరం కాదు, రాత్రుళ్ళు సున్నాకి నాలుగైదు డిగ్రీలు కిందికి పోవడం మామూలే. కెనడాలో బాన్ఫ్ లాంటి చోట్ల చలి ఇంతకంటే చాలా ఎక్కువ, కానీ అక్కడి మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. ఇక్కడ సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటుంది కాబట్టి మంచు బట్ట మీద పడి కరుగుతుంది, జులైలో వాన కూడా పడుతుంది. అందుకే నా లెక్కలో, మనం సిద్ధం కావాల్సింది లోపలి నుంచి చెమట, బయటి నుంచి వాన, ఈ రెండు తడులకి.

మొదటి అభ్యాసం. ఒక పాత కాటన్ బనియన్, ఒక క్రికెట్ జెర్సీ తీసుకోండి. ఐపీఎల్ అభిమానుల జెర్సీ బీరువాలో ఉంటే అదే చాలు, అది పాలిస్టర్. వంటింటి కాటా మీద రెండూ పొడిగా ఉన్నప్పటి బరువు రాసుకోండి. బకెట్‌లో ముంచి, చేతనైనంత గట్టిగా పిండి మళ్ళీ తూచండి. ఫ్యాన్ వేయకుండా గదిలో ఆరేసి అరగంటకోసారి తూచి రాయండి. మా ఇంట్లో జెర్సీ గంటన్నరకి ఆరిపోయింది, బనియన్ సాయంత్రానికి కూడా అంచుల దగ్గర చెమ్మగానే ఉంది. చదివితే మర్చిపోతారు. ఒకసారి కాటా మీద చూస్తే సూట్‌కేస్ సర్దేటప్పుడు చేయి బనియన్ల వైపు పోదు.

ఇప్పుడు బట్టలు. ఒంటికి అంటుకుని ఉండే పొర, మధ్య పొర, పై పొర అని మూడు. ఒంటి పొర పాలిస్టర్ గానీ మెరీనో ఉన్ని గానీ కావాలి. మన బజార్లో ‘థర్మల్స్’ అని అమ్మేవాటిలో చాలావాటికి నూలు కలుస్తుంది. షాపతను ఏం చెప్పినా లోపల కుట్టిన చీటీ చదవండి, కాటన్ అన్న మాట కనబడితే వెనక్కి ఇచ్చేయండి. లోదుస్తులకి కూడా ఇదే మాట. పైన అన్నీ సరిగ్గా వేసుకుని లోపల నూలు డ్రాయర్‌తో వచ్చి కూర్చున్నచోట గడ్డకట్టినవాళ్ళని చూశాను. మధ్య పొరకి ఫ్లీస్ అనే మెత్తటి పాలిస్టర్ బట్ట మంచిది, అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టరూ పనికొస్తుంది. తడిసినా ఉన్ని కొంత వెచ్చదనం నిలుపుతుంది. పై పొర వాన ఆపాలి. జాకెట్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, పరీక్షలో ఆ బట్ట అంత ఎత్తు నీటి ఒత్తిడికి కారకుండా ఆగిందని అర్థం. అంతకు తక్కువది తీసుకోకండి. కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉందో లేదో చూడండి, నీళ్ళు ముందు కుట్టులోంచే దూరతాయి. లిఫ్టీలకి పై జాకెట్, ప్యాంటు కంపెనీయే ఇవ్వడం మామూలు. వంటగదికో గదులు సర్దే పనికో వెళ్ళేవాళ్ళు పై పొర మీద ఎక్కువ డబ్బు తగలేయకండి, ఆస్ట్రేలియాలో ఆప్ షాపులనే సెకండ్‌హ్యాండ్ కొట్లుంటాయి, చవగ్గా దొరుకుతాయి. ఒంటి పొర మాత్రం ఇక్కడే రెండు జతలు కొనుక్కెళ్ళండి. జీన్స్ విమానంలోకి చాలు.

బట్టలు కొనడం తేలిక, వాటిని ఎప్పుడు విప్పాలో తెలియడమే అసలు పనితనం. చెమట పట్టాక జిప్పు తీస్తే ఆలస్యమైపోయినట్టే. పార పట్టుకునే ముందే మధ్య పొర తీసి పక్కన పెట్టాలి, మొదటి ఐదు నిమిషాలు చలేస్తుంది, వేయనివ్వండి. పని ఆపగానే, ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే మళ్ళీ తొడుక్కోవాలి. డిసెంబర్ తెల్లవారుజామున బండి మీద వెళ్ళేవాళ్ళు దీన్ని ఇక్కడే సాధన చేయొచ్చు. చెయిర్‌లిఫ్ట్ మీద తగిలే గాలికి, స్కూటర్ మీద ఛాతీకి తగిలే గాలికి పెద్ద తేడా లేదు. మూడు పొరలతో పావుగంట నడిపి, దిగి, పావుగంట వేగంగా నడిచి, మళ్ళీ బండెక్కండి. ఏ పొర ఎప్పుడు తీశారో, వీపు తడిసిందో లేదో రాసుకోండి. వీధిలో వాళ్ళు చూస్తారు, చూడనివ్వండి.

పాదాల దగ్గర మనవాళ్ళందరూ ఒకే తప్పు చేస్తారు, రెండు జతల సాక్సులు. రెండు జతలు తొడిగితే బూటు బిగిసి రక్తం ఆడదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక్క జతే, ఉన్నిదో సింథటిక్‌దో, ముడతలు లేకుండా. ఇంకో జత పాలిథీన్ కవర్‌లో జేబులో ఉండాలి, మధ్యాహ్నం భోజనాలప్పుడు మార్చుకోవడానికి. స్కీ బూటు సైజు మన షూ నంబరుతో చెప్పరు, పాదం పొడవు సెంటీమీటర్లలో చెప్తారు. రెండో అభ్యాసం అదే. గోడ వారగా కాగితం పరచి, మడమ గోడకి ఆనించి నిలబడి, పొడవైన వేలి దగ్గర గీత గీయండి. రెండు పాదాలూ కొలవండి, ఒకటి కాస్త పెద్దదిగా ఉండడం మామూలే. రాత్రికి, అంటే పాదాలు కొంచెం ఉబ్బాక, ఇంకోసారి కొలవండి. బూటు తొడిగి నిటారుగా నిలబడితే వేళ్ళు బూటు ముందు భాగానికి లోపల తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. చెప్పుల్లా సుఖంగా ఉంటే అది మీ సైజు కాదు. పని బూట్లు వేరే సంగతి, అవి కాస్త వదులుగా, నీరు దూరకుండా, అడుగున లోతైన గాళ్ళతో ఉండాలి. రాత్రి లోపలి అట్ట తీసి, బూటులో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి పడుకోండి. పొద్దున్నకి తడంతా పేపర్ లాగేస్తుంది.

చేతులకి రెండు జతల గ్లవ్స్, లోపల పల్చటి జత ఒకటి. గ్లవ్స్ తీయకుండా పని చేయగలగాలి. ఉన్ని గ్లవ్స్ మీద గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ తొడిగి జిప్పు వేయడం, తాళం తీయడం, చిల్లర లెక్కపెట్టడం రోజుకి పది నిమిషాలు చేయండి. మొదట్లో కోపం వస్తుంది. ముక్కు కొన, చెవి అంచు, వేలి కొన తెల్లగా మారి స్పర్శ పోతే వెంటనే లోపలికి వెళ్ళండి, చంకలో వేళ్ళు పెట్టుకుని వెచ్చబెట్టుకోండి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, హీటర్‌కి ఆనించకూడదు. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికే.

అమ్మ ఇచ్చిన కొబ్బరి నూనె మొదటి రాత్రే సీసాలో రాయి అయిపోయింది. దాని బదులు సన్‌స్క్రీన్ పెట్టుకోండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది, గడ్డం కింద, ముక్కు రంధ్రాల చుట్టూ కాలుతుంది. మన చర్మానికి ఏం కాదులే అనుకుని నేను వారం రోజులు పొట్టు రాలుస్తూ తిరిగాను. మంకీ క్యాప్ మాత్రం నిలబెట్టింది. లావుది హెల్మెట్ కింద పట్టదు, పల్చటిది కొనండి. అక్కడ దాన్నే బాలక్లావా అని డాలర్లు పోసి కొనుక్కుంటారు.

కాళ్ళ బలానికి ఖర్చేమీ లేదు. బళ్ళో వేయించిన గోడ కుర్చీ గుర్తుందిగా, స్కీయింగ్‌కి తొడలు సిద్ధం చేయడానికి అదే వ్యాయామం. ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లతో మొదలుపెట్టి, వారానికి పది సెకన్లు పెంచండి. మధ్యలో గుంజీళ్ళు. పళ్ళు తోముకునేంతసేపు ఒంటికాలి మీద నిలబడండి, మర్నాడు రెండో కాలు. గడ్డకట్టిన నేల మీద నడకకి ఒకటే సూత్రం: చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించడం, చేతులు జేబుల్లోంచి బయట.

నాలుగో పాఠంలో అద్దె గది వేట, పన్నుల కోసం తీసుకునే టీఎఫ్ఎన్, బార్‌లో పనిచేయాలంటే తప్పనిసరైన ఆర్ఎస్ఏ సర్టిఫికెట్ చూద్దాం. ఆలోపు మూడు కాగితాలు సిద్ధం చేయండి: బనియన్, జెర్సీ బరువుల పట్టిక, రెండు పాదాల కొలతలు, బండి మీద ఏ పొర ఎప్పుడు తీశారో రాసుకున్న చీటీ. బరువుల పట్టికలో రెండు బట్టలూ ఒకేలా ఆరుతున్నట్టు ఉంటే మీ జెర్సీ చీటీ ఒకసారి చూడండి, అందులో కాటన్ ఉండే ఉంటుంది.