మరింబాకి లైవ్ ఎలక్ట్రానిక్స్ జోడించి కచేరీ చేయడం ఎలా?

మరింబా అంటే మాలెట్లతో (తల ఉన్న పుల్లలతో) చెక్క పలకలని కొట్టి వాయించే వాద్యం, ఒక్కో పలక కింద ఒక్కో గొట్టం ఉంటుంది. దాని శబ్దాన్ని మైకుతో పట్టి, కంప్యూటర్లో అప్పటికప్పుడు మార్చి స్పీకర్లలో వినిపించడమే లైవ్ ఎలక్ట్రానిక్స్. చాలామంది ముందు స్పీకర్లు పెట్టి, సౌండ్ పెంచి, ఆ తర్వాత మరింబాని దానికి సరిపెట్టాలని తంటాలు పడతారు. ఇది తిరగబడిన లెక్క. స్పీకర్‌ని ఎంతైనా పెంచొచ్చు, చెక్క పలకని పెంచలేం. ముందు మరింబా, ఆ తర్వాతే మిగతావి.

కావలసినవి: ఐదు ఆక్టేవుల (స్థాయిల) మరింబా, రెండు కండెన్సర్ మైకులు, వాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే వెళ్లే కరెంటు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ల్యాప్‌టాప్, ఒక పెడల్, రెండు స్పీకర్లు. సాఫ్ట్‌వేర్ మీకు అలవాటైనది ఏదైనా సరే. కచేరీ వారంలో మాత్రం అప్‌డేట్ చేయకండి.

1. శ్రుతి: శ్రుతికి కొలతగా తీసుకునే A స్వరాన్ని చాలా మరింబాల్లో 442 హెర్ట్జ్‌కి (సెకనుకి 442 కంపనాలు) చేసి ఉంటారు, సాఫ్ట్‌వేర్ మామూలుగా 440లో ఉంటుంది. పలక శ్రుతి మార్చాలంటే అడుగున చెక్క తొలవాలి, వేదిక మీద అయ్యే పని కాదు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌నే 442కి మార్చండి. లేదంటే రెండూ కలిసి మోగినప్పుడు ఆ స్వరం మీద సెకనుకి రెండుసార్లు వణుకు వినిపిస్తుంది.

2. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దం ముక్క): 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ (శబ్దపు కొలతలు) తీసేటప్పుడు, 128 శాంపిల్స్ పెట్టండి. అంటే దాదాపు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. 512 పెడితే 11 దాకా పోతుంది. అది రానూపోనూ రెండింతలై వేళ్లకి తెలిసిపోతుంది.

3. మైకులు: పలకలకి రెండడుగుల ఎత్తున, మంద్ర స్వరాల వైపు ఒకటి, తార స్వరాల వైపు ఒకటి. గొట్టాల కింద మైకు పెట్టేవాళ్లున్నారు. అలా పెట్టకూడదు. ఆ గొట్టాల అడుగు మూసి ఉంటుంది, శబ్దం పైకే వస్తుంది.

4. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు), ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో పడి తిరగడం): కచేరీలు చెడేది ఇక్కడే.

మరింబాలో ప్రతి పలక కింద దాని స్వరానికే సరిపోయే గొట్టం ఉంటుంది. స్పీకర్‌లోంచి అదే స్వరం వస్తే ఎవరూ కొట్టకుండానే గొట్టం, పలక రెండూ పలుకుతాయి. మైకు దాన్ని పట్టి మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. గాయకుడి మైకులో లాగా వెంటనే కుయ్యిమనదు. మెల్లగా, తీయగా, తంబురాలాగా మొదలవుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు 'ఎంత బాగా మోగుతోందో' అని మురిసిపోయాను. పది సెకన్లలో హాలంతా చెవులు మూసుకుంది.

అందుకే స్పీకర్లు ఎప్పుడూ మైకులకన్నా ముందుకి, జనం వైపు ఉండాలి, వాయించేవాళ్ల వెనక కాదు. ఎఫెక్టులన్నీ (సాఫ్ట్‌వేర్ శబ్దానికి చేసే మార్పులు) ఆపేసి, మీ దగ్గరున్న గట్టి మాలెట్లతో కచేరీలోని అన్నింటికన్నా బిగ్గర భాగం వాయించండి. మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ కట్టండి. మెత్తగా వాయించి గెయిన్ పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఎఫెక్టులు ఒక్కొక్కటే తెరవండి. మంద్రంలో ఒక స్వరం కొట్టి చేతులు కట్టుకుని నిలబడండి. శబ్దం తగ్గుతూ పోవాలి. తగ్గకుండా నిలబడిపోయిందంటే హద్దు అదే. దాన్ని గుర్తుపెట్టుకుని అక్కణ్ణుంచి 6 డెసిబెల్స్ దించండి. నాలుగైదు స్వరాలతో ఇలాగే చూడండి, ప్రతి హాలూ ఒక్కో స్వరాన్ని పట్టుకుంటుంది. డిలేలో (శబ్దాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే ఎఫెక్టు) ఫీడ్‌బ్యాక్ శాతం, అంటే ప్రతిధ్వనిలో ఎంత మళ్లీ లోపలికి పోతుందో అది, 60 దాటనివ్వకండి, చివర లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) తప్పనిసరి.

హోరు వస్తోందని మిక్సర్‌లో లో-కట్ (మంద్ర శబ్దాలని కోసేసే బటన్) నొక్కేస్తారు కొందరు. మరింబా అట్టడుగు స్వరం 65 హెర్ట్జ్. 100 దగ్గర కోస్తే ఐదో ఆక్టేవు కోసం అంత బరువు మోసుకొచ్చిందెందుకు?

చిన్న హాల్లో మరింబా అసలు శబ్దాన్ని స్పీకర్లకి పంపనే వద్దు, ఎఫెక్టు శబ్దం ఒక్కటే చాలు. జనం నిండాక హాలు కాస్త పొడిగా వినిపిస్తుంది. అప్పుడు ఫేడర్ (శబ్దం పెంచే జారుడు మీట) మీదికి చెయ్యి పోతుంది. పోనివ్వకండి.

5. పెడల్: సాఫ్ట్‌వేర్‌లో తర్వాతి ఘట్టానికి మారేది దీంతోనే. క్లిక్ ట్రాక్ (తాళం వేసే టిక్కు టిక్కు శబ్దం) చెవిలో పెట్టుకుని దాని వెంట పరిగెత్తడం నాకు నచ్చదు. అదే చేసేట్టయితే రికార్డు పెట్టుకుని వాయించొచ్చుగా, లైవ్ ఎందుకు? మరింబా మీ చేతులు రెండూ చాచినా అందనంత పొడవు కాబట్టి, పెడల్ నొక్కే చోట మీరు ఏ వైపు ఉంటారో స్కోరు చూసి అక్కడే టేపుతో నేలకి అంటించండి. ఒకసారి నొక్కాక అర సెకను పాటు రెండో నొక్కుని పట్టించుకోవద్దని సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. టెన్షన్‌లో కాలు రెండుసార్లు పడటం ఖాయం.