స్ట్రాటజీ కేసుకి ప్రిపేరవ్వడం ఎలా? ఫైవ్ ఫోర్సెస్ దగ్గర బోల్తా పడకుండా

అకౌంట్స్ పరీక్షలో పొరపాటు చేస్తే బ్యాలెన్స్ షీటు కలవదు, అక్కడే దొరికిపోతారు. స్ట్రాటజీలో ఆ సదుపాయం లేదు. మొత్తం తప్పు రాసినా పన్నెండు పేజీలు నిండుతాయి, స్లైడ్లు అందంగా వస్తాయి, మార్కులు మాత్రం రావు. ఎంబీఏలో ఈ పేపరంటే ముఖ్యంగా కేసులే, అంటే ఒక కంపెనీ ఏదో నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితిని అంకెలతో సహా చెప్పే కథలు. ఒక కేసుని ఎలా నమిలి మింగాలో దేశీయ విమానయానాన్ని ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

కావలసినవి

కేసు ప్రింటవుటు, పెన్సిలు, క్యాలిక్యులేటరు, ఒకే ఒక్క ఏ4 కాగితం. ఇరవై పేజీల కేసుకి మూడు గంటలు. ఫోన్లో చదవకూడదు. వెనక ఎగ్జిబిట్టూ (కేసు చివర ఇచ్చే పట్టిక) ముందు పేరా పక్కపక్కన పెట్టుకుంటేనే విషయం తెలుస్తుంది, ఫోన్లో అది కుదరదు. రెండో కాగితం తీసుకున్నారంటే ఆలోచించడం మానేసి కాపీ కొట్టడం మొదలుపెట్టారన్నమాట.

మొదటి చదువు: పావుగంట

మొదటి పేజీ, ఆఖరి పేజీ, ఎగ్జిబిట్ల శీర్షికలు. అంతే. కాగితం నెత్తిన మూడు సంగతులు రాయండి: నిర్ణయం ఎవరిది, ఏ తేదీన, దేని గురించి. తేదీ చుట్టూ సున్నా చుట్టండి. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ మీద కేసు 2008 దగ్గర ఆగితే, 2012లో ఆ విమానాలు ఎగరడం మానేశాయన్న సంగతి మీకు తెలియదు. గూగుల్లో వెతికి "ఎలాగూ మునిగింది కాబట్టి ఆ నిర్ణయం తప్పు" అని రాస్తే అది పోస్ట్‌మార్టం రిపోర్టు, విశ్లేషణ కాదు.

రెండో చదువు: అంకెలు

ఇప్పుడు మొత్తం చదవండి. లైన్ల కింద గీతలు గీయడం ఎవరికైనా వచ్చు. కనీసం ఒక్క లెక్క మీ అంతట మీరు కట్టాలి. విమాన సంస్థలో ప్రాణమంతా సీటు-కిలోమీటరు ఖర్చులో ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఊహించిన అంకెలతో చూద్దాం: 180 సీట్ల విమానం 1,000 కిలోమీటర్లు ఎగిరితే 1,80,000 సీటు-కిలోమీటర్లు. ఒక్కోదానికి ఖర్చు రూ.4.50 అయితే ఆ ట్రిప్పుకి రూ.8,10,000. సగటు టికెట్టు రూ.5,400 అయితే 150 మంది ఎక్కితేనే అసలు గిడుతుంది. అంటే 83 శాతం సీట్లు నిండాలి. ఖర్చులో ఇంధనం 35 శాతం అనుకుని, దాని ధర పదిశాతం పెరిగిందనుకోండి. ఖర్చు రూ.28,350 పెరుగుతుంది, ఇంకో ఆరుగురు ఎక్కాలి. "ఇంధన ధరల పెరుగుదల ఒక సవాలు" అని రాసేవాడికీ "పదిశాతం పెరిగితే ట్రిప్పుకి ఆరుగురు" అని రాసేవాడికీ మధ్య ఒక గ్రేడు తేడా ఉంటుంది.

ఫైవ్ ఫోర్సెస్: ఇక్కడ నిదానం

నూటికి తొంభైమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఫైవ్ ఫోర్సెస్ అంటే ఒక పరిశ్రమ లాభాన్ని నొక్కే ఐదు ఒత్తిళ్లు: ఉన్న పోటీదారులు, కొత్తగా వచ్చేవాళ్లు, సబ్‌స్టిట్యూట్లు, సప్లయర్లు, బయ్యర్లు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైఖేల్ పోర్టర్ 1979లో దీన్ని ఒక్క ప్రశ్న కోసం రాశాడు: ఈ పరిశ్రమలో పుట్టే డబ్బులో కంపెనీలకి ఎంత మిగులుతోంది, మిగతాది ఎవరు పట్టుకుపోతున్నారు? మనవాళ్లేమో ఐదు డబ్బాలు గీసి హై, మీడియం, లో అని నింపేస్తారు. ఉగాది పంచాంగంలో ఆదాయం 8, వ్యయం 5 అని చూసుకున్నట్టే ఉంటుంది. చదివినవాడికి ఏం చేయాలో తెలియదు.

డబ్బాలకన్నా ముందు సరిహద్దు గీయాలి. "భారత విమానయాన రంగం" అని ఒకే ముద్దగా పెట్టుకుంటే మొదటి అడుగే తప్పు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కి పడుకుంటే తెల్లారేసరికి బెంజ్ సర్కిల్. విమానమైతే శంషాబాద్ దాకా ప్రయాణం, అక్కడ చెకింగు, గన్నవరంలో దిగి మళ్లీ టాక్సీ. ఈ రూట్లో బస్సు విమానం టికెట్టుని పైకి పోనివ్వదు. అదే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక రోజు పోతుంది, అక్కడ బస్సు లెక్కలోకే రాదు. ఒకే కంపెనీ, ఒకే విమానం, రెండు వేరువేరు జవాబులు. దగ్గరి రూట్లు, దూరపు రూట్లు అని రెండుగా విడదీసి రాయండి.

తర్వాతి గొయ్యి సబ్‌స్టిట్యూట్. ఇండిగోకి స్పైస్‌జెట్ సబ్‌స్టిట్యూట్ కాదు, పోటీదారు. అదే అవసరాన్ని వేరే దారిలో తీర్చేవి సబ్‌స్టిట్యూట్లు: బస్సు, రైలు, మీటింగు పని మీద వెళ్లేవాళ్లకి వీడియో కాల్. ఈ ఒక్కటి తారుమారైతే చాలు, మిగతా పేజీ ఎవరూ ఓపిగ్గా చదవరు.

కొత్తవాళ్ల రాక గురించి అందరూ రాసే వాక్యం ఒకటుంది: "విమానాలు ఖరీదు కాబట్టి ప్రవేశం కష్టం." ఖరీదే, కానీ కొనక్కర్లేదు, లీజుకి దొరుకుతాయి. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013లో మొదలైంది, హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015లో మొదలైంది. రావడం మనం అనుకున్నంత కష్టం కాదు, నిలబడటమే కష్టం. ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. ప్రవేశం కష్టమని రాసి, పక్క పేరాలోనే "కొత్త సంస్థలు వచ్చి ధరలు తగ్గించాయి" అని రాసిన జవాబులు కోకొల్లలు.

సప్లయర్లనీ ఒకే గాటన కట్టకూడదు. పెద్ద విమానాలకి ఎయిర్‌బస్, బోయింగ్ ఇద్దరే. ఇంధనానికి ముఖ్యంగా ప్రభుత్వ చమురు సంస్థలు. చాలా ఊళ్లలో విమానాశ్రయం ఒకటే, అక్కడ బేరమాడే వీలే లేదు. ఇక పైలట్లు: ఒక రకం విమానానికి శిక్షణ పొందినవాడు రేపు ఇంకో రకం నడపలేడు, కాబట్టి కెప్టెన్ల కొరత వస్తే జీతాలు ఎగబాకుతాయి. ఇండిగో 2005లో ఒకేసారి 100 ఎయిర్‌బస్ విమానాలకి ఆర్డరిచ్చి బేరమాడగలిగింది కదా అంటారా? నిజమే. కానీ అది ఆ కంపెనీ బలం, పరిశ్రమ స్వభావం కాదు. దాన్ని తర్వాతి మెట్టుకి దాచుకోండి. ఇక్కడ కలిపేస్తే రెండూ చెడతాయి.

పోటీ ఎందుకంత తీవ్రమో చెప్పకుండా తీవ్రమని రాయకండి. విమానం తలుపు మూశాక ఖాళీ సీటు విలువ సున్నా. ఎలాగూ ఎగిరే విమానంలో ఇంకొకర్ని ఎక్కించుకోవడానికి అయ్యే ఖర్చు బహు తక్కువ. అందుకే చివరి సీట్లకి ఎంతొస్తే అంత అని ధర దించేస్తారు. బయ్యరు, అంటే ప్రయాణికుడేమో, ఫోన్లో అన్ని ధరలూ పక్కపక్కన చూసి చవగ్గా ఉన్నది కొట్టేస్తాడు.

ప్రభుత్వాన్ని ఆరో ఫోర్సుగా పెట్టొద్దు. విమాన ఇంధనం జీఎస్టీ బయట ఉంది, రాష్ట్రాలు దాని మీద వ్యాట్ వేస్తాయి. అది ఖర్చు రూపంలో వచ్చి పడుతుంది, అక్కడే రాయండి.

అన్నీ రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి: ప్రతి డబ్బాలోని వాక్యం "కాబట్టి ధర ఇలా" అనో "కాబట్టి ఖర్చు ఇలా" అనో ముగియాలి. అలా ముగియని వాక్యాన్ని కొట్టేయండి.

స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు) గురించి అడుగుతారు కాబట్టి చెప్పాలి. నాలుగు గళ్ల పట్టిక చూడముచ్చటగా ఉంటుంది, కానీ "బలం: బ్రాండ్" అన్నది ఏ కంపెనీకైనా అతుకుతుంది. మాస్టారు తప్పనిసరి అంటే అన్నీ అయ్యాక ఐదు నిమిషాల్లో నింపండి. దాంతో మొదలుపెట్టకూడదు.

కంపెనీ దగ్గరకి

ఇంత పిండేసే పరిశ్రమలో ఒకరు లాభాల్లో ఎలా ఉన్నారు? మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జే బార్నీ 1991 వ్యాసంలోని ప్రశ్నలు చాలు: ఈ వనరు విలువైనదా, అరుదా, అనుకరించడం కష్టమా, దీనికి ప్రత్యామ్నాయం ఉందా? ఇండిగో 2006లో మొదలై, 2017 చివర్లో ఏటీఆర్‌లు (చిన్న ప్రొపెల్లర్ విమానాలు) వచ్చేదాకా ఎయిర్‌బస్ ఏ320 కుటుంబంతోనే నడిచింది. పైలట్లూ మెకానిక్కులూ స్పేర్లూ అన్నీ ఒకే రకం. నేల మీద ఒక్కో ఆగుడుకి ఇరవై నిమిషాలు మిగిలితే, రోజుకి ఆరు ఆగుళ్లకి రెండు గంటలు, ఇంచుమించు ఇంకో ట్రిప్పు. వీటిలో ఏ ఒక్కటైనా ఎవరైనా కాపీ కొట్టొచ్చు. అన్నీ కలిపి కొట్టాలంటే మిగతావి వదులుకోవాలి. కింగ్‌ఫిషర్ వదులుకోలేదు. దర్జా సర్వీసు నడుపుతూనే ఎయిర్ దక్కన్‌ని కొని చౌక సర్వీసు కూడా నడిపింది. ఒకే కప్పు కింద రెండు వేరువేరు ఖర్చుల పద్ధతులు. మీ కాగితంలో సగం చోటు ఈ పేరాకే ఇవ్వండి.

జవాబు రాయడం

మొదటి వాక్యంలోనే నిర్ణయం. "ఒకవైపు, మరోవైపు" అని తూకం వేస్తూ కూర్చోకండి. రెండో వాక్యంలో ఆ నిర్ణయం వల్ల కంపెనీ ఏం వదులుకుంటుందో రాయండి. వదులుకునేది ఏదీ లేకపోతే అది స్ట్రాటజీ కాదు, కోరికల చిట్టా. ఆ తర్వాత మీ లెక్క, ఏ అంకె మారితే మీ నిర్ణయం మారుతుందో ఒక వాక్యం. మొత్తం ఎనిమిది వందల మాటలు దాటకూడదు.

క్లాసులో

ముందురోజు రాత్రి నలుగురు కలిసి అరగంట మాట్లాడుకోండి. ఐదోవాడొస్తే అది అడ్డా అవుతుంది. పనిని "నువ్వు సప్లయర్లు, నేను బయ్యర్లు" అని పంచుకోవద్దు, నలుగురూ మొత్తం చేసుకుని రావాలి. క్లాసులో మొదటి పది నిమిషాల్లో చెయ్యెత్తండి, అదీ అంకె చేతిలో ఉంటేనే. బయటికొచ్చాక క్యాంటీన్‌కి వెళ్లేలోపు ఆ ఏ4 కాగితం వెనక మీకు తట్టని రెండు పాయింట్లు, పక్కవాడికి ఎందుకు తట్టాయో రాసి, తేదీ వేసి ఫైల్లో పెట్టండి.